ముల్లు పడిపోయినప్పుడు: పడవ మోటారులోకి కరెంటు వచ్చిన కథ

(రేడియో ప్రసంగ పాఠం)



ఈ వారం నన్ను సింగపూర్ చరిత్ర మీద ఏదైనా మాట్లాడమన్నారు. సింగపూర్ చరిత్ర అనగానే 1819లో రాఫుల్స్ దొర దిగడం దగ్గర మొదలుపెట్టడం అందరూ చేసేదే. ఆ కథ మీకు పుస్తకాల్లో దొరుకుతుంది. నేను ఇక్కడ ఓడల మరమ్మతు యార్డుల్లో ఎలక్ట్రికల్ పనిలో చాలా ఏళ్ళు గడిపినవాణ్ణి. సెలవు రోజుల్లో స్నేహితుల చిన్న పడవలకి వైర్లు చూసిపెట్టడం నాకు అలవాటు. అందుకని నాకు తెలిసిన చరిత్రే చెబుతాను. చిన్న పడవ వెనక చెక్కకి బిగించే మోటారు ఉంటుంది చూశారూ, అవుట్‌బోర్డ్ మోటారు అంటారు. దానిలోకి కరెంటు ఎన్ని విడతలుగా వచ్చింది, వచ్చి ఏమేం తిప్పలు తెచ్చింది అన్నది ఈనాటి విషయం.

"ఇదేం చరిత్రండీ, మెకానిక్కు చెప్పాల్సిన మాట కదా" అని మీలో కొందరు అనుకోవచ్చు. కానీ అమెరికాలో సరస్సుల పక్కన, ఆస్ట్రేలియా తీరంలో, గల్ఫ్ దేశాల్లో ఉన్న మనవాళ్ళలో చిన్న పడవ కొనుక్కున్నవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. మోటారు స్టార్టు కాకపోయినా, మీటరులో ముల్లు పడిపోయినా వాళ్ళు చేసే పని ఒకటే. ముందు బ్యాటరీ మారుస్తారు, తర్వాత మీటరు మారుస్తారు, ఆ తర్వాత చేతికందినది మారుస్తారు. నేను చూసినంతలో ఒక సంగతి తేలింది. ఈ మోటారులోకి కరెంటు ఏ వరసలో వచ్చిందో తెలిస్తే, తప్పు ఎక్కడుందో వెతికే వరస కూడా దానంతటదే తెలుస్తుంది.

ముందుగా ఊరి సంగతి కొంచెం చెప్పుకుందాం.

పడవల మీద బతికిన ఊరు

సింగపూర్ మొదట పేరు తెచ్చుకున్నది పెద్ద ఓడల వల్లనే అయినా, ఊరిని నడిపినవి మాత్రం చిన్న పడవలు. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకుని ఉండేవి. సరుకంతా పడవల్లోకి దించి, నది ఒడ్డున ఉన్న గోదాములకి చేర్చేవారు. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో ఈ పడవల పని ఎక్కువగా చూలియాల చేతుల్లో ఉండేది. చూలియాలంటే కోరమాండల్ తీరం నుంచి వచ్చిన తమిళ ముస్లిములు. తర్వాత ఆ పని మెల్లగా చైనా వాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. టాంకాంగులు, ట్వాకోలు అనే పడవలు నది నిండా ఉండేవి. వాటి ముందు భాగాన రెండు కళ్ళు బొమ్మవేసి ఉండేవి, పడవ తన దారి తాను చూసుకుంటుందని.

ఆ కాలంలో మన కోరంగి రేవు నుంచి కూడా ఓడలు బంగాళాఖాతం దాటి తూర్పు తీరాలకి వెళ్ళేవి. బర్మాలో తెలుగువాళ్ళందరికీ కోరంగీలు అనే పేరు స్థిరపడిపోయింది. గోదావరి లాంచీ నడిపేవాణ్ణి మనం సరంగు అంటాం. మలయ్ భాషలో కూడా సరంగు మాట ఉంది. పాత తెలుగులో ఓడని కప్పలి అన్నారు, మలయ్‌లో ఓడని ఇప్పటికీ కపాల్ అనే అంటారు. ఇలాంటి మాటలు ఈ సముద్రం మీద పడవలతో పాటు ఒక తీరం నుంచి ఇంకో తీరానికి తిరిగినవి.

ఈ పడవలన్నీ తెడ్డు మీద, గడ మీద, తెరచాప మీద నడిచినవే. చిన్న పడవల్లో మోటారు పెద్ద ఎత్తున కనబడింది రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాకే. సరుకుల పడవలకి లోపల డీజిల్ ఇంజిన్లు వచ్చాయి. దీవుల్లో ఉండే మలయ్ జాలరుల సన్న పడవలకి వెనక తగిలించే పెట్రోలు మోటార్లు వచ్చాయి. అప్పట్లో సింగపూర్ దక్షిణ దీవుల్లో పల్లెలుండేవి. ఆ పల్లెల్ని ఒక్కొక్కటిగా ఖాళీ చేయించారు. పులావ్ సకెంగ్ అనే దీవిలో చివరి కుటుంబాలు 1994లో ఒడ్డుకి వచ్చేశాయి. నదిలోనూ అదే జరిగింది. 1977 ఫిబ్రవరిలో ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్ళలో నది శుభ్రం కావాలన్నారు. 1983లో దాదాపు 800 సరుకుల పడవల్ని పాసిర్ పాంజాంగ్‌కి తరలించారు. 1987లో పని పూర్తయిందని పండగ చేశారు.

నది శుభ్రమైంది, చాలా మంచి పని. అయితే పడవలతో పాటు ఒడ్డున కూర్చుని వాటిని బాగుచేసే చేతులు కూడా చెదిరిపోయాయి. మోటారు విప్పి, గుడ్డతో తుడిచి, చెవి పెట్టి విని రోగం చెప్పేవాళ్ళు ఒకప్పుడు ప్రతి రేవులోనూ ఉండేవారు. ఇప్పుడు చాంగీ నుంచి పులావ్ ఉబిన్ దీవికి జనాన్ని దాటించే బమ్‌బోట్ల దగ్గర, చేపల పెంపకం చేసే తేలుడు కట్టల దగ్గర అలాంటివాళ్ళు కొద్దిమంది కనిపిస్తారు. నా విద్యలో సగం పుస్తకాలది, సగం అలాంటివాళ్ళ పక్కన కూర్చుని చూసినది.

మొదటి విడత: నిప్పురవ్వ

ఇక మోటారు సంగతి. వెనక తగిలించే మోటారుని అమెరికాలో కామెరాన్ వాటర్‌మాన్ అనే ఆయన 1900ల మొదటి దశకంలోనే తయారుచేసి అమ్మాడు. దాన్ని ఇంటింటికీ చేర్చినవాడు మిల్వాకీ ఊళ్ళో ఉన్న నార్వే వలసదారుడు ఓల్ ఎవిన్‌రూడ్. ఆయన మోటారు 1909లో బజారులోకి వచ్చింది. ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు దాదాపు 28 కిలోలు. ఎండలో తెడ్డు వేసుకుంటూ వెళ్ళి ఐస్‌క్రీము తెచ్చేలోపు కరిగిపోయిందనీ, ఆ విసుగులోంచే మోటారు పుట్టిందనీ ఒక కథ చెబుతారు. వ్యాపారం చూసుకున్నది ఆయన భార్య బెస్.

పెట్రోలు ఇంజిన్‌కి కరెంటు అవసరమైనది ఒక్క పనికే, సిలిండరులో నిప్పురవ్వ పుట్టించడానికి. ఆ తొలి మోటార్లు దానికోసం డ్రై సెల్ బ్యాటరీల మీద ఆధారపడేవి. పడవలో బ్యాటరీ పెట్టె తడిసిందా, ఇక తెడ్డే గతి. అందుకని కొద్ది సంవత్సరాల్లోనే ఫ్లైవీలులో మాగ్నెటో పెట్టడం మొదలుపెట్టారు. తిరిగే చక్రంలో అయస్కాంతం, దాని పక్కన తీగచుట్ట. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే అది. తాడు లాగితే చక్రం తిరుగుతుంది, చక్రం తిరిగితే కరెంటు పుడుతుంది, ఆ కరెంటే రవ్వ అవుతుంది. బ్యాటరీతో నిమిత్తం లేదు.

ఇంగ్లండులో తయారైన బ్రిటిష్ సీగల్ మోటారు ఈ తరానికి మంచి ఉదాహరణ. 1930ల నుంచి 1990ల దాకా తయారైంది. దాంట్లో మాగ్నెటో తప్ప కరెంటుకి సంబంధించినది దాదాపు ఏమీ లేదు. మీటర్లు లేవు, కనుక మీటరు చెడిపోయే బాధ కూడా లేదు.

మన ఆంధ్ర తీరంలో కూడా ఈ తరం ఇంకా బతికే ఉంది. అక్కడ ఫైబరు తెప్పల మీద వాడే కిరోసిన్ మోటార్లు చాలావరకు తాడు లాగి స్టార్టు చేసేవే. ముందు పెట్రోలు మీద వేడెక్కించి, తర్వాత కిరోసిన్‌కి మారుస్తారు. బ్యాటరీ ఉండదు.

ఈ తరం మోటారు ఆగిపోతే వెతకాల్సిన చోటు ఒకటుంది, అది చాలామందికి తట్టదు. మనింట్లో స్విచ్చి ఆపితే కరెంటు దారి తెగుతుంది. మాగ్నెటో మోటారులో అలా కాదు. ఆపే బటను నొక్కితే కరెంటుని నేరుగా ఇంజిను బాడీకి, అంటే ఎర్తుకి కలిపేస్తుంది. రవ్వ దాకా వెళ్ళకుండా దారి మళ్ళిస్తుందన్నమాట. కాబట్టి ఆ ఆపే వైరు మీద తొడుగు అరిగి ఎక్కడైనా ఇనుముకి తగిలితే, ఎవరూ బటను నొక్కకపోయినా మోటారు ఆగిపోయే ఉంటుంది. స్పార్క్ ప్లగ్గులు ఎన్ని మార్చినా లాభం ఉండదు. ఆ వైరు ఒక్కటి విడదీసి చూడండి, రవ్వ వస్తే దొంగ దొరికినట్టే. అయితే వైరు విడదీశాక బటను నొక్కినా మోటారు ఆగదు, అది గుర్తుంచుకుని పరీక్ష అయిపోగానే మళ్ళీ కలిపేయాలి. నడిపేవాడి చేతికి కట్టుకునే ఎర్ర తాడు క్లిప్పు కూడా చాలా మోటార్లలో ఈ దారిలోనిదే. అది ఊడి ఉందని గమనించకుండా గంటసేపు తాడు లాగినవాళ్ళని నేను చూశాను.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పడవ అడుగున చేరి కూర్చుంటుంది. రవ్వ చూసే పరీక్ష చేసేముందు మూతలన్నీ తీసి గాలి ఆడనివ్వాలి. ఇది మాత్రం మరిచిపోకండి.

రెండవ విడత: బ్యాటరీ మళ్ళీ రావడం

తలుపులోంచి పంపేసిన బ్యాటరీ కిటికీలోంచి మళ్ళీ వచ్చింది. మోటార్లు పెద్దవయ్యాయి, చేత్తో తాడు లాగడం కష్టమైంది. తాళం తిప్పితే స్టార్టు కావాలన్నారు. రాత్రి దీపాలు కావాలన్నారు. యుద్ధం తర్వాత జపాను వాళ్ళు రంగంలోకి దిగారు. తోహత్సు 1956లో, యమహా 1960లో, హోండా 1964లో, సుజుకి 1965లో తమ మొదటి మోటార్లు తెచ్చాయి. కొన్నేళ్ళకి సింగపూర్ చుట్టుపక్కల నీళ్ళలో ఎక్కడ చూసినా ఇవే.

బ్యాటరీ పెట్టాక దాన్ని నింపాలి కదా. ఫ్లైవీలు కింద ఇంకొన్ని తీగచుట్టలు పెట్టారు. వాటిలో పుట్టేది అటూ ఇటూ ఊగే కరెంటు. దాన్ని ఒకే దిక్కుకి మార్చడానికి రెక్టిఫయరు, ఎక్కువ కాకుండా అదుపు చేయడానికి రెగ్యులేటరు వచ్చాయి. ఇక్కడ వెతకడానికి కావలసింది ఒక మామూలు మల్టీమీటరు. మోటారు ఆపి కాసేపు ఉంచాక మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12.2 అంటే సగం ఖాళీ. 12 కన్నా తగ్గితే దాదాపు అడుగంటినట్టే. మోటారు నడుస్తుండగా చూస్తే 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. నడుస్తున్నప్పుడూ 12 దగ్గరే ఉంటే బ్యాటరీలోకి ఏమీ రావడం లేదు. 15 దాటితే రెగ్యులేటరు అదుపు తప్పింది. ముందు ఇంట గెలిచి రచ్చ గెలవాలన్నారు కదా. ఈ మూడు కొలతలు తీసుకోకుండా మీటర్ల జోలికి వెళ్ళకూడదు.

ఇంకొక మాట. మోటారు నడుస్తుండగా బ్యాటరీ స్విచ్చి ఆపకండి, టెర్మినల్ పీకకండి. పుడుతున్న కరెంటుకి వెళ్ళే చోటు లేక వోల్టేజి ఎగిరి రెక్టిఫయరు కాలిపోతుంది.

మూడవ విడత: మీటర్లు

బ్యాటరీ వచ్చాక మీటర్లు వచ్చాయి. ఇంజిను ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే టాకోమీటరు, ఇంధనం మీటరు, వేడి మీటరు. జనానికి అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మీటరులో ముల్లు పడిపోతే మీటరు చెడిందనుకుంటారు. ముల్లు చాలావరకు కబురు మోసేది మాత్రమే. ఆ కబురు పంపినవాడెవడో తెలుసుకోవాలి.

టాకోమీటరు సంగతే చూడండి. చాలా మోటార్లలో అది ఇంజినుని నేరుగా చూడదు. బ్యాటరీ నింపే ఆ తీగచుట్టల్లో ఊగే కరెంటు ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టి, దాన్నిబట్టి వేగం చెబుతుంది. తీగచుట్టలకి 12 ధ్రువాలుంటే ఒక్క చుట్టుకి 6 ఊపులు. మీటరు వెనక ఒక చిన్న మీట ఉంటుంది, దాన్ని 6 మీద పెట్టాలి. పొరపాటున 4 మీద ఉందనుకోండి, 3000 తిరిగే ఇంజినుని 4500 అని చూపిస్తుంది. పాత మోటారు తీసి కొత్తది పెట్టినప్పుడు ఈ మీట చూసుకోనివాళ్ళు ఇంజిను పాడైందని బెంగపెట్టుకుంటారు.

రెండేళ్ళ కిందట ఇక్కడ నాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబం ఉబిన్ దీవి వైపు నుంచి సాయంత్రం తిరిగి వస్తున్నారు. ఇద్దరు పిల్లలు, పెద్దావిడ కూడా పడవలో ఉన్నారు. దారిలో టాకోమీటరు ముల్లు సున్నాకి పడిపోయింది. మోటారు చక్కగానే నడుస్తోంది. మీటరు పోయింది, రేపు చూసుకుందాంలే అనుకున్నారు. కాసేపటికి జీపీఎస్ తెర ఆరిపోయింది. ఆ తర్వాత దీపాలు మసకబారాయి. చీకటి పడుతోంది, పక్కన లంగరు వేసిన పెద్ద ఓడలు, మధ్యలో టగ్గులు. ఎలాగో ఒడ్డు చేరారు. మర్నాడు నేను వెళ్ళి చూస్తే మీటరు నిక్షేపంలా ఉంది. చెడినది రెగ్యులేటరు. చార్జింగు ఆగిపోగానే ఆ కబురు అందరికన్నా ముందు చెప్పింది టాకోమీటరే. ఆ ముల్లు పడినప్పుడే తెరలూ ఫ్రిజ్జూ కట్టేసి, ఉన్న బ్యాటరీని దీపాలకి దాచుకుని ఉంటే వాళ్ళు అంత కంగారు పడక్కర్లేదు.

ఇంధనం మీటరుది ఇంకో కథ. ట్యాంకులో తేలే బెండు ఒకటి ఉంటుంది, అది పైకీ కిందకీ కదిలినప్పుడు కరెంటుకి అడ్డు పెరగడం, తగ్గడం జరుగుతుంది. అమెరికా పద్ధతిలో ట్యాంకు ఖాళీ అయితే 240 ఓములు, నిండితే 33. యూరపు పద్ధతిలో ఖాళీకి 10, నిండుకి 180. పూర్తిగా తలకిందులు. సింగపూర్‌లో మోటారు ఒక దేశానిది, ట్యాంకు ఇంకో దేశానిది, మీటరు మూడో దేశానిది కావడం మామూలే. అమెరికా మీటరుకి యూరపు బెండు కలిపితే ట్యాంకు ఖాళీ అవుతున్నకొద్దీ ముల్లు పైకి ఎక్కుతుంది. నడిసముద్రంలో ఆగిపోయేదాకా ఆ ముల్లు నిండుగా ఉందనే చెబుతుంది.

పరీక్ష చాలా సులువు. మీటరు వెనక ట్యాంకు నుంచి వచ్చే వైరు, అమెరికా పద్ధతి పడవల్లో అయితే గులాబీ రంగుది, ఊడదీయండి. ముల్లు ఖాళీకి పోవాలి. ఆ వైరు తగిలించిన స్క్రూకి ఎర్తు నుంచి ఒక ముక్క వైరు తాకించండి. ముల్లు నిండుకి పోవాలి. రెండూ జరిగితే మీటరు మంచిదే, తప్పు వైరులోనో ట్యాంకు బెండులోనో ఉంది. యూరపు మీటరు అయితే ఈ రెండూ తారుమారవుతాయి. ఈ పరీక్ష మీటరు వెనకే చేయాలి, ట్యాంకు మీద మాత్రం చేయకూడదు. కారణం ఇందాక చెప్పినదే, పెట్రోలు ఆవిరి.

వేడి మీటరు విషయంలో ఇంకో సాక్షి ఉన్నాడు. మోటారు వెనక సన్నగా ఒక నీటిధార వస్తుంటుంది, చల్లబరిచే నీరు తిరుగుతోందని చెప్పడానికి. ముల్లు పైకి లేచి, ధార కూడా ఆగిపోతే వెంటనే మోటారు ఆపాలి. ముల్లు మామూలుగా ఉండి ధార మాత్రం ఆగితే ఆ రంధ్రంలో మట్టి అడ్డుపడి ఉండవచ్చు. ధార బాగా ఉండి ముల్లు మాత్రం పిచ్చిగా ఊగితే వైరు వైపు చూడాలి. అయినా ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పకండి.

ఉప్పు చేసే పని

ఇన్ని విడతల్లోనూ శత్రువు ఒకడే, ఉప్పు నీరు. 1800లో ఇటలీలో వోల్టా మొట్టమొదటి బ్యాటరీ తయారుచేశాడు. రెండు రకాల లోహపు బిళ్ళలు, వాటి మధ్య ఉప్పు నీళ్ళలో తడిపిన అట్టముక్కలు. అంతే. ఇప్పుడు మీ పడవలో చూడండి. రాగి వైరు, ఇత్తడి స్క్రూ, అల్యూమినియం బాడీ, మధ్యలో ఉప్పు తడి. మనం అడగకుండానే వోల్టా బ్యాటరీలు పడవ నిండా తయారవుతున్నాయి. వాటిలో బలహీనమైన లోహం కరిగిపోతుంది.

దీనికి మందు కనిపెట్టినవాడు హంఫ్రీ డేవీ. 1824లో ఆయన బ్రిటిష్ యుద్ధ ఓడల రాగి తాపడానికి ఇనుము, జింకు ముక్కలు తగిలిస్తే రాగి బదులు ఆ ముక్కలే కరుగుతాయని చూపించాడు. ఆ పరీక్ష జరిగిన ఓడల్లో సమరాంగ్ ఒకటి. అది కొచ్చిన్‌లో కట్టిన ఓడ. రాగి కరగలేదు కానీ, కరగని రాగి మీద నత్తగుల్లలు అతుక్కుని ఓడ వేగం పడిపోయింది. అయినా సూత్రం నిలిచింది. ఈనాడు మీ మోటారు కింద బిగించి ఉండే జింకు ముక్క ఆ డేవీ మందే. సగం అరిగిందంటే మార్చాలి. ఏళ్ళ తరబడి అసలు అరగలేదంటే సంతోషించకండి, అది బాడీకి సరిగా తగలడం లేదని అర్థం. ఆ జింకుకి రంగు వేస్తే కూడా పని చేయదు.

వైర్లలో ఈ ఉప్పు చేసే పని కంటికి కనబడదు. పైన తొడుగు నల్లగా నిగనిగలాడుతుంటుంది, లోపల రాగి ఆకుపచ్చ చిలుము పట్టి పొడి అయిపోయి ఉంటుంది. అందుకే పడవలకి తగరం పూసిన రాగి తీగ వాడాలంటారు. ఎక్కువ దెబ్బ తినేది ఎర్తు వైరు. కరెంటుకి వెళ్ళే దారి ఎంత ముఖ్యమో తిరిగొచ్చే దారి అంతే ముఖ్యం. వెళ్ళే దారిలో ఫ్యూజు ఉంటుంది, స్విచ్చి ఉంటుంది, అందరూ దాన్నే చూస్తారు. తిరిగొచ్చే దారిని పట్టించుకునేవాళ్ళు తక్కువ.

దాన్ని పట్టే గుర్తులు చెబుతాను. ఒక్క ముల్లు పడితే ఆ ఒక్క మీటరు దారిలో తప్పు. అన్ని ముళ్ళూ ఒకేసారి పిచ్చెక్కితే అందరికీ ఉమ్మడిగా ఉన్న ఎర్తులోనో, ఉమ్మడి ఫ్యూజులోనో తప్పు. దీపం వేయగానే ఇంధనం ముల్లు కదిలితే అది చాలావరకు ఎర్తే. ఖాయం చేసుకోవాలంటే మల్టీమీటరు ఒక కొస బ్యాటరీ నెగెటివ్ మీద, రెండో కొస మీటరు ఎర్తు స్క్రూ మీద పెట్టి, దీపాలన్నీ వేసి చూడండి. దాదాపు సున్నా ఉండాలి. అర వోల్టు కనిపించినా మధ్యలో ఎక్కడో చిలుము పట్టి కూర్చుందన్నమాటే. ఏమీ కొనక్కర్లేదు, విప్పి, గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన గ్రీజు పూస్తే చాలు. మీటరు మార్చమని బిల్లు చేతికిచ్చినప్పుడు ముందు ఈ పరీక్ష అయిందా అని అడగండి.

నాలుగవ విడత, రాబోయేది

1970ల నుంచి పాయింట్లు పోయి ఎలక్ట్రానిక్ పెట్టెలు వచ్చాయి. తర్వాత కంప్యూటరు వచ్చింది. 2000ల మొదట్లో ఎన్‌ఎమ్‌ఈఏ 2000 అనే పద్ధతి వచ్చాక ఒక్క తీగ మీదే అన్ని కబుర్లూ తెరకి చేరుతున్నాయి. వెతకడం సులువైంది, తప్పు సంఖ్య తెర మీదే కనిపిస్తుంది. ఒక చిక్కు కూడా వచ్చింది. ఆ కంప్యూటరుకి వోల్టేజి కాస్త పడినా తోచినట్టు తప్పులు చూపిస్తుంది. తెర మీద పది తప్పులు ఒకేసారి కనిపిస్తే పది భాగాలు చెడినట్టు కాదు, ముందు బ్యాటరీ, తర్వాత ఎర్తు చూడాలి. వరస మళ్ళీ మొదటికే వచ్చింది.

ఈ లోపల పాత పేర్లు కూడా పోయాయి. ఎవిన్‌రూడ్ వారసత్వం మోస్తున్న అమెరికా సంస్థ 2000 డిసెంబరులో దివాలా తీసింది. ఆ పేరు కొనుక్కున్న కెనడా సంస్థ కూడా 2020లో ఆ మోటార్లు ఆపేసింది. ఇటు సింగపూర్‌లో 2030 నుంచి రేవులో కొత్తగా చేరే పడవలు పూర్తిగా బ్యాటరీతోనో, బయో ఇంధనంతోనో, కాలుష్యం లేని మరో ఇంధనంతోనో నడవగలిగి ఉండాలని నిర్ణయించారు. 2023లోనే, అప్పట్లో షెల్ వారి చేతిలో ఉన్న బుకోమ్ దీవికి మనుషుల్ని దాటించే బ్యాటరీ ఫెర్రీ మొదలైంది. 1909లో నిప్పురవ్వ కోసం పడవెక్కిన బ్యాటరీ ఇప్పుడు పడవనే నడపబోతోంది. అప్పుడు కరెంటు తప్పు అంటే దీపం ఆరడంతో పోదు, మొత్తం ప్రయాణమే ఆగుతుంది.

ఎందుకింత పట్టుదలగా చెబుతున్నానంటే, ఇక్కడి సముద్రం అలాంటిది. సింగపూర్ జలసంధికి ఒక కొసన ఉన్న ఫిలిప్ చానెల్ దగ్గర దారి వెడల్పు మూడు కిలోమీటర్లకన్నా తక్కువ. ప్రపంచంలో అన్నిటికన్నా రద్దీ దారుల్లో ఇదొకటి. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఇరుకు దారిలో 20 మీటర్లకన్నా చిన్న పడవ పెద్ద ఓడకి అడ్డు రాకూడదు. పెద్ద ఓడ ఆగాలంటే కిలోమీటర్లు పడుతుంది. అందులో సరంగుకి మీ పడవ కనిపించేది మీ దీపం వల్లనే. ఆ దీపం వెనక ఉన్నది ఒక బ్యాటరీ, ఒక రెగ్యులేటరు, చిలుము పట్టని ఒక ఎర్తు వైరు.

కాబట్టి పడవ ఉన్నవాళ్ళు ఒక మల్టీమీటరు, విడి ఫ్యూజులు, గరుకు కాగితం, కాస్త వైరు, ఒక టార్చి పడవలో ఉంచుకోండి. వాటితో పాటు తెడ్డు కూడా ఉంచుకోండి. సెలవు రోజున ఒడ్డున కట్టి ఉన్నప్పుడే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ పరీక్షలు ఒకసారి చేసి చూపించండి. బడిలో ఓము సూత్రం చదివిన పిల్లలు ముల్లు కదలడం చూస్తే ఎంత సంతోషిస్తారో మీకే తెలుస్తుంది. రేవుల్లో చెదిరిపోయిన ఆ విద్య ఇప్పుడిక మన ఇళ్ళలోనే నిలవాలి.